బాయి దిగే మనిషి: దేహం, మనసు, ఆత్మ



ఈ రోజు మనిషి గురించి మాట్లాడుకుందాం. మనిషిలో ఉన్న దేహం, మనసు, ఆత్మ అనే మూడింటికీ ఒకదానితో ఒకదానికి ఏం సంబంధం? ఈ ప్రశ్నను మన పెద్దలు అడవుల్లో కూర్చుని అడిగారు, మఠాల్లో వాదించుకున్నారు. నేను దీన్ని రామగుండం, గోదావరిఖని బొగ్గుబాయిల దగ్గర అడుగుతున్నాను. నేల మీద మామూలుగా గడిచే రోజుల్లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి, విడిగా కనబడవు. భూగర్భంలోకి దిగిన మనిషిలో తేటగా కనిపిస్తాయి. ఒకటి దెబ్బతింటే మిగతా రెండూ ఏమవుతాయో కూడా ఇక్కడ బాగా తెలుస్తుంది.

పొద్దున షిఫ్టు వేళ గనిలోకి దిగే ఒక ఇంక్లైన్ ముందు కాసేపు నిలబడి చూడండి. కార్మికుడు వచ్చి మస్టర్ వేయించుకుంటాడు. ల్యాంప్ రూంకు పోయి క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు, బ్యాటరీ నడుముకు బిగించుకుంటాడు. పొగ కమ్మితే ఊపిరి నిలబెట్టే సెల్ఫ్ రెస్క్యూయర్ వెంట పెట్టుకుంటాడు. ఆ తర్వాత మైసమ్మ గుడి ముందు ఆగి దండం పెట్టుకుని, అప్పుడు బాయి దిగుతాడు. ఎవరూ నేర్పకుండానే అక్కడ మనిషి మొత్తం సిద్ధమవుతున్నాడు. మస్టరు పుస్తకానికి అతని దేహం కావాలి. దీపం అతని కంటికీ, తెలివికీ తోడు. మైసమ్మ ముందు వంచిన తల ఇంకో లోతు నుంచి వచ్చింది. ఆ లోతుకు ఏ పేరు పెట్టుకున్నా అది ఉన్నదనే సంగతి బాయి దిగినవాళ్లకు తెలుసు.

మన సింగరేణి బొగ్గు గనుల్లో లెక్క అంతా తూకంతోనే నడిచింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇవాళ ఏటా దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు బయటికి వస్తోంది. బొగ్గును టన్నుల్లో లెక్కిస్తాం, మనిషిని మస్టర్లలో లెక్కిస్తాం, వైద్య పరీక్షలో ఫిట్ లేదా అన్‌ఫిట్ అని రాస్తాం. ఈ లెక్కలు అవసరమే. అయితే ఈ లెక్కలకు అందని మనిషి చాలా మిగిలిపోతాడు. ఆ మిగిలిన మనిషి కోసమే ఈ ప్రసంగం.

ముందుగా దేహం సంగతి చూద్దాం.

లోతుకు పోయినకొద్దీ భూమి వేడెక్కుతుంది. గనిలో గాలి నిండా తేమ ఉంటుంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరినప్పుడే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆరే దారి లేక కారిపోతూనే ఉంటుంది, ఒంట్లో వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే గనుల నిబంధనలు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వేడిని లెక్కలోకి తీసుకుంటాయి. పనిచేసే చోట అది 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేటట్టు చూడాలి. గాలిలో ఆక్సిజన్ 19 శాతం కంటే తగ్గకూడదు. ఈ అంకెల వెనుక ఉన్నది మనిషి రక్తమాంసాలు ఎంతవరకు ఓర్చుకుంటాయన్న ఎరుక. ఎందరో ప్రాణాలు పోయాక మానవజాతి సంపాదించిన ఎరుక అది.

ఇక దుమ్ము. మనం రోజుకు సుమారు 20 వేల సార్లు ఊపిరి పీలుస్తాం. బొగ్గు దుమ్ములో పెద్ద రేణువులను ముక్కు, గొంతు పట్టుకుంటాయి. 5 మైక్రాన్ల కంటే చిన్నవి, అంటే కంటికి ఆననివి, ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల దాకా చేరతాయి. వాటిని తినేయాలని వచ్చిన రక్షణ కణాలు ఓడిపోతాయి. ఆ చోట కణజాలం గట్టిపడుతుంది. దీన్నే న్యుమోకోనియోసిస్ అంటారు. ఒకసారి గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. మందులు దగ్గును, ఆయాసాన్ని కొంత తగ్గిస్తాయి గాని పోయిన ఊపిరితిత్తిని తిరిగి ఇవ్వలేవు. కనుక కాపాడుకోవడం అంతా ముందే జరగాలి. నీళ్లు చల్లి దుమ్మును అణచడం, ముఖానికి మాస్కు కట్టుకోవడం, ఎప్పటికప్పుడు జరిగే వైద్య పరీక్షను తప్పించుకోకుండా చేయించుకోవడం, ఇవే దారి.

ఇప్పుడు మనసు దగ్గరికి వద్దాం. మనసు దేహం మీద ఎంతగా ఆధారపడి ఉందో గని వాయువులు కఠినంగా చూపిస్తాయి.

బొగ్గు సరిగా మండకుండా రాజుకున్నప్పుడు, పేలుడు జరిగినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. మెదడుకు అందవలసిన ఆక్సిజన్ అందదు. అప్పుడు మనిషిలో ముందుగా మసకబారేది వివేచన. తల దిమ్మెక్కుతున్నా తనకేమీ కాలేదనుకుంటాడు. పారిపోవాలన్న ఆలోచన రావలసిన వేళకే ఆలోచించే శక్తి తగ్గిపోతుంది. బ్రిటన్‌లో జె. ఎస్. హాల్డేన్ అనే శరీరశాస్త్రవేత్త గని పేలుళ్లలో చనిపోయినవారిని పరిశీలించి, వాళ్లలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, ఈ వాయువేనని 1896లో నివేదిక ఇచ్చాడు. ఆ వాయువు పనిని తెలుసుకోవడానికి తానే దాన్ని పీల్చి చూశాడు. మనిషి కంటే ముందే సోలిపోయే చిన్న పక్షులను గనిలోకి తీసుకుపొమ్మని సలహా ఇచ్చింది కూడా ఆయనే.

దీని నుంచి నేర్చుకోవలసింది పెద్దది. మన తెలివి, మన ధైర్యం, మన నిర్ణయాలు అన్నీ రక్తంలో తిరిగే గాలి మీద నిలబడి ఉన్నాయి. తప్పు చేసిన మనిషిని నిందించే ముందు అతని దేహం ఏ స్థితిలో ఉందో అడగాలి. అతను ఎంత వేడిలో పనిచేశాడు? ఎన్ని గంటలు నిద్రపోయాడు?

నిద్ర మాట వచ్చింది గనుక రాత్రి షిఫ్టు గురించి చెప్పాలి. మన మెదడులో, కంటి నరాలు కలిసే చోటుకు పైన, వెలుతురును బట్టి నడిచే ఒక చిన్న కేంద్రం ఉంది. ఒంటి వేడి, ఆకలి, నిద్ర అన్నీ దాని తాళానికి నడుస్తాయి. ఒంట్లోని ఈ గడియారం కణాల లోపల ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి మధ్య ఒంటి వేడి బాగా తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ బాయిలో మనిషి బొగ్గు టబ్బులు లాగే హాలర్ నడుపుతుంటాడు, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతుంటాడు. వారం వారం షిఫ్టు మారుతుంటే ఒంటి గడియారానికి ఒక దారికి వచ్చే వ్యవధి దొరకదు. పగలు పడుకుంటే ఎండ, చప్పుడు, పిల్లల ఆటలు. నిద్ర తెగిన మనిషికి చిన్న మాటకే కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు అతని గుణమే అంత అనుకుంటారు. అతను తన మీద తానే విసుక్కుంటాడు. నిజానికి అలిసిపోయింది దేహం. నింద మాత్రం మనసు మీద పడుతోంది.

ఈ ప్రవాహం దేహం నుంచి మనసుకే పారుతుందా? మనసు నుంచి దేహానికి కూడా పారుతుంది. మనసులోని మనాది ఒంట్లోకి దిగుతుంది. గనిలో ఒకసారి పైకప్పు కూలడం కళ్లారా చూసిన మనిషి, గాయం ఒక్కటి లేకుండా బయటపడ్డా, తర్వాత ఎన్నో రాత్రులు ఉలిక్కిపడి లేస్తాడు. గుండె దడదడ కొట్టుకుంటుంది. అన్నం సయించదు. "పెయ్యంతా నొప్పులు, పానం బాగుంట లేదు" అని డిస్పెన్సరీకి పోతాడు. పరీక్షల్లో ఏమీ కనబడదు. ఏమీ లేదని తిప్పి పంపిస్తే అతను అబద్ధం చెబుతున్నట్టు అయిపోతుంది. అతను నిజమే చెబుతున్నాడు. భయం పుట్టినప్పుడు రక్తంలో కలిసే అడ్రినలిన్, కార్టిసాల్ అసలైన రసాయనాలు. అవి నిజంగానే కండరాలను బిగిస్తాయి, కడుపును కలవరపెడతాయి. మనాది ఊహ కాదు. దేహంలో జరుగుతున్న పని.

ఇంకా ఆశ్చర్యమైన సంగతి ఉంది. ప్రమాదంలో కాలు తీసేయవలసి వచ్చిన మనిషికి ఆ లేని కాలు నొప్పి పెడుతుంది. లేని పాదంలో వేళ్లు మెలిపడ్డట్టు అనిపిస్తుంది. ఎందుకంటే మెదడులో ఆ కాలి పటం ఇంకా అలాగే ఉంది. తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేసిన వి. ఎస్. రామచంద్రన్ అనే నాడీ శాస్త్రవేత్త 1990లలో దీనికి సులువైన ఉపాయం కనిపెట్టారు. చేయి కోల్పోయినవాళ్లకు, లేని చేయి ఉన్నట్టు కనిపించేలా అద్దం పెట్టి, ఉన్న చేతిని కదిలించమన్నారు. అద్దంలో రెండో చేయి కూడా కదులుతున్నట్టు చూసిన మెదడు, బిగిసిన పిడికిలిని విప్పుకున్నట్టు భావించింది. కొందరికి ఏళ్ల నొప్పి తగ్గింది. నొప్పి దేహానిదా, మనసుదా? ఈ ఉదాహరణ ముందు ఆ విభజనే నిలవదు.

మన గని కార్మికుల చేతుల్లో దేహం, మనసుల ఈ ఐక్యత ఒక విద్యగా మారింది. అనుభవమున్న సర్దార్ పైకప్పును ఎలా పరీక్షిస్తాడో చూడండి. కర్రతో రూఫ్‌ను తడతాడు. గట్టి కప్పు ఖంగున మోగుతుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. రెండో చేతి వేళ్లు కప్పుకు ఆనించి అదురును కూడా పట్టుకుంటాడు. కర్ర సపోర్టులు ఉన్న చోట, బరువు పెరిగినకొద్దీ చెక్క కిర్రుమంటుంది. ఆ చప్పుడు విన్న పెద్ద కార్మికుడు కారణం వివరించకముందే అందరినీ వెనక్కి రమ్మంటాడు. ఆ తెలివి ఎక్కడ ఉంది? తలలోనా, చెవిలోనా, వేళ్లలోనా? ఏళ్ల పని అతని దేహాన్నే మనసుగా మార్చింది. చదువు తక్కువని మనం అనుకునే మనిషిలో ఎంత జ్ఞానం ఉందో చూడండి. ఆ జ్ఞానానికి గౌరవం ఇవ్వని చోట ప్రమాదం పొంచి ఉంటుంది.

ఇక మూడోది, ఆత్మ.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆత్మను ఎవరూ కోసి చూపలేదు, తూచి చూపలేదు. చూడాలని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. పోతులూరి వీరబ్రహ్మంగారి కథల్లో కక్కయ్య గురించి తెలుగువాళ్లంతా వినే ఉంటారు. దేహంలో చక్రాలు, దేవతలు ఉంటారని బ్రహ్మంగారు తన శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుంటే కక్కయ్య విని, చూద్దామని ఇంటికి పోయి భార్య దేహాన్నే కోశాడు. నెత్తురు, మాంసం తప్ప ఏమీ కనబడలేదు. గుండె పగిలి గురువు దగ్గరికి పరుగెత్తాడు. ఆమెను గురువు బతికించారని కథ చెబుతుంది. ప్రాణం పోతున్నవారిని మంచంతో సహా తూకం మీద పెట్టిన తన ప్రయోగాన్ని 1907లో అమెరికాలో డంకన్ మెక్‌డౌగల్ అనే డాక్టరు ప్రచురించాడు. చూసినది ఆరుగురినే. అందులో ఒక్కరి లెక్కను పట్టుకుని ఆత్మ బరువు 21 గ్రాములని లోకం చెప్పుకుంది. శాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు. కత్తికి గాని తూకానికి గాని ఆత్మ దొరకలేదు. ఇద్దరూ వెతికింది దేహంలో దాగిన ఒక వస్తువు కోసం. ఆత్మ వస్తువైతే కదా అలా దొరకడానికి!

మన ప్రాచీనులు వేరే దారి పట్టారు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు తండ్రి వరుణుణ్ణి పరమసత్యం ఏమిటని అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకొమ్మంటాడు తండ్రి. భృగువుకు మొదట తెలిసింది అన్నమే సత్యమని. తర్వాత ప్రాణం, తర్వాత మనసు, ఆ తర్వాత విజ్ఞానం, చివరికి ఆనందం. గమనించండి, ఆధ్యాత్మిక ప్రయాణం అన్నం దగ్గర మొదలైంది. చివరి మెట్టు చేరినా మొదటి మెట్టును ఆ గ్రంథం తక్కువ చేయలేదు. అన్నాన్ని నిందించకపోవడాన్ని వ్రతంగా పాటించమంది. ఆకలితో ఉన్నవాడికి, ఊపిరి ఆడనివాడికి ముందు వేదాంతం చెప్పమని మన వేదాంతమే అనలేదు.

మన పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట ఉంది. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ స్తూపం అక్కడ బయటపడింది. ఆ స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసిన భిక్షువులు శాశ్వతమైన ఆత్మ ఒకటి ఉన్నదని ఒప్పుకోలేదు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదింటి కలయికనే మనిషి అన్నారు. అయినా కరుణను అన్నిటికంటే పైన పెట్టారు. బాయిలో దేవుణ్ణి నమ్మేవాడు, నమ్మనివాడు, నమాజు చదివేవాడు, చర్చికి పోయేవాడు ఒకే పైకప్పు కింద పనిచేస్తారు. వాళ్లందరికీ చెల్లే అర్థంలో నేను ఆత్మ అంటున్నాను. తన సుఖం కంటే, ఒక్కోసారి తన ప్రాణం కంటే ప్రియమైనది ఒకటుందని మనిషిలో గుర్తించే శక్తిని నేను ఆ పేరుతో పిలుస్తున్నాను. "నేను ఎందుకు బతుకుతున్నాను, ఎవరి కోసం?" అని అడిగేది అదే.

దానికి సాక్ష్యం కావాలా? రెస్క్యూ దళాన్ని చూడండి.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు ఈ ఊరు మరిచిపోలేదు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి కొందరు చిక్కుకున్నారు. మరునాడు ఒక కార్మికుణ్ణి ప్రాణాలతో బయటికి తెచ్చారు. ముగ్గురు దక్కలేదు. ఆ ముగ్గురిలో అధికారులూ ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కూలే కప్పు గ్రేడు చూడదు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ, అందరూ బయటికి వస్తున్న దారిలో కొందరు లోపలికి పోతారు. వీపున శ్వాస పరికరం, అందులో కొలిచి నింపిన ఆక్సిజన్, వెంట నలుగురైదుగురు తోటివాళ్లు. అప్పుడు వాళ్ల దేహం వెనక్కి పొమ్మనే అంటుంది. గుండె వేగం, అరచేతి చెమట అదే చెబుతాయి. శిక్షణ పొందిన మనసు భయాన్ని పక్కన పెట్టి గేజీ చదువుతుంది, వాయువును కొలుస్తుంది, ఎంత దూరం పోయి ఎప్పుడు తిరగాలో లెక్కిస్తుంది. అడుగు ముందుకు వేయించేది మాత్రం ఆ రెండూ కావు. లోపల ఉన్నది మనవాడు అన్న ఒక్క మాట అడుగు వేయిస్తుంది. లోపల చిక్కుకున్న మనిషి వీళ్లకు చుట్టం కాకపోవచ్చు, పేరు కూడా తెలియకపోవచ్చు. అయినా మనవాడే.

1989 నవంబరులో బెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర మహావీర్ గనిని నీళ్లు ముంచెత్తాయి. జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు పైనుంచి రంధ్రం వేయించి, మనిషి పట్టే ఉక్కు గొట్టం తయారు చేయించి, తానే అందులో కిందికి దిగారు. 65 మందిని ఒక్కొక్కరినే పైకి పంపి, చివరన తాను వచ్చారు. 2010 ఆగస్టు 5న చిలీ దేశంలో సాన్ హోసే గని కూలి 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున చిక్కుకున్నారు. 17 రోజుల దాకా వాళ్లు బతికున్నారన్న సంగతే పైవాళ్లకు తెలియదు. రెండు మూడు రోజులకు సరిపడే తిండిని పొదుపు చేసుకున్నారు. రెండు రోజులకోసారి రెండు చెంచాల చేప తిన్నారు. అది దేహాన్ని నిలిపింది. పనులు పంచుకున్నారు, నిర్ణయాలు ఓటు వేసి తీసుకున్నారు. అది మనసును నిలిపింది. రోజూ కలిసి ప్రార్థన చేశారు, ఒకరినొకరు వదిలేయలేదు. 69 రోజులకు 33 మందీ ప్రాణాలతో వెలుగు చూశారు. అక్కడ కూడా చిక్కుకున్నవాళ్లందరిలో చివరన పైకి వచ్చింది వాళ్ల షిఫ్టు నాయకుడు లూయిస్ ఉర్సువా. తిండి ఒక్కటే ఉంటే వాళ్లు కొట్టుకునేవారు. ప్రార్థన ఒక్కటే ఉంటే ఆకలికి పోయేవారు. మూడూ కలిసి నిలిచాయి గనుకనే బతికారు.

బాయిలో టబ్బులు లాగే హాలేజీ తాడును చూసినవాళ్లకు ఈ సంగతి ఇంకా సులువుగా అర్థమవుతుంది. అది ఎన్నో ఉక్కు పేటల అల్లిక. ఒక పేటలో తీగలు తెగితే ఆ బరువు మిగతా పేటల మీద పడుతుంది. కంటికి తాడు గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది. అందుకే రోజూ తడిమి పరీక్షిస్తారు. మనుషులను మాత్రం మనం అలా పరీక్షించుకోవడం లేదు.

ఏ పేట తెగుతోందో చెబుతాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు దాదాపు 40 వేల మంది. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. కాంట్రాక్టు పని పెరిగింది. తవ్వే ఒకే చోట కలిసి బొగ్గు నింపి, ఒకే డబ్బాలో సద్ది పంచుకుని తిన్న స్నేహాలు పలచబడ్డాయి. 61 ఏళ్లకు రిటైరైన మనిషి క్వార్టర్ ఖాళీ చేస్తాడు. రేపటి నుంచి సైరన్ తన కోసం మోగదు. మెడికల్ అన్‌ఫిట్ అయిన మనిషి "ఇగ నేను దేనికీ పనికిరాను" అనుకుంటాడు. అదే పని, అదే దుమ్ము, తక్కువ జీతం దొరికే కాంట్రాక్టు కార్మికుడికి తన ప్రాణం విలువ తక్కువేమో అనిపిస్తుంది. వీళ్లలో ముందు నొచ్చుకునేది ఆత్మ. ఆ తర్వాత మనసు కుంగుతుంది, ఆ తర్వాత ఒంట్లో బీపీ, షుగరు పెరుగుతాయి. మనం చివరిదానికి గోలీలు ఇచ్చి పంపిస్తున్నాం.

అలసట తీరడానికని కొందరు మందు తాగుతారు. తాగితే త్వరగా నిద్ర పట్టిన మాట నిజమే. రాత్రి రెండో సగంలో ఆ నిద్ర ముక్కలవుతుంది, మెదడుకు కావలసిన విశ్రాంతి దొరకదు. మరునాటికి అలసట మరింత మిగులుతుంది. తాగేవాణ్ణి తిట్టడం వల్ల ఆ చక్రం ఆగదు. అతని దేహానికి నిద్ర, మనసుకు వినే మనిషి, ఆత్మకు గౌరవం దొరికినప్పుడు ఆగుతుంది.

ఇంటి ఇల్లాలి సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. యైటింక్లైన్ కాలనీలోనైనా, సెంటినరీ కాలనీలోనైనా ఫస్ట్ షిఫ్టు మనిషికి డబ్బా కట్టాలంటే ఆమె చీకటితోనే లేవాలి. నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకోవాలంటే ఆమె ఇల్లంతా చప్పుడు లేకుండా చూసుకోవాలి. రావలసిన వేళకు మనిషి రాకపోతే వాకిట్లో నిలబడేది ఆమె. ఆమె బాయి దిగదు, కానీ బాయి భయం ఆమె ఒంట్లో ప్రతిరోజూ దిగుతుంది. తలనొప్పి, నిద్రలేమి అని ఆమె చెప్పినప్పుడు తేలిగ్గా తీసేయకండి. బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లు కలుపుతూ పాడినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అడుగు దేహానిది, పాట మనసుది, తోడున్నవాళ్లంతా నావాళ్లే అన్న భావం ఆత్మది. గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతరకు కదిలే జనంలో ఉన్నది కూడా అదే. పండుగను మనం వేడుకగా మాత్రమే చూస్తున్నాం. అది ఒక వైద్యం కూడా.

ఈ మూడూ కలిసి బాగుంటేనే ఆరోగ్యమన్న మాట ప్రపంచం కూడా ఒప్పుకుంది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యమంటే దేహం, మనసు, సంఘజీవనం మూడూ బాగుండడమని చెప్పింది. 1984లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభ ఆరోగ్యానికి ఆధ్యాత్మిక పార్శ్వం కూడా ఉందని తీర్మానించింది. మన సుశ్రుతుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, ఒంటి ధాతువులు సమంగా ఉండడంతో పాటు ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉన్నవాణ్ణే ఆరోగ్యవంతుడన్నాడు.

మరి మనం చేయవలసింది ఏమిటి?

దేహాన్ని చులకన చేసే వైరాగ్యాన్ని బాయి దగ్గరికి రానివ్వకండి. రాత బాగుంటే ఏమీ కాదని మాస్కు తీసేయడం భక్తి కాదు. మైసమ్మకు దండం పెట్టిన సర్దారే ఆ వెంటనే వాయువును కొలుస్తాడు, కర్రతో కప్పును తడతాడు. ఆ రెండు పనులకూ మధ్య అతనికి వైరుధ్యం కనబడదు. తన వెనుక వచ్చే పదిమంది ప్రాణాలు పవిత్రమైనవని నమ్మాడు గనుకనే అంత శ్రద్ధగా కొలుస్తాడు. రక్షణ నియమం పాటించడం మన గనుల్లో అన్నిటికంటే గొప్ప పూజ.

మనసు బాగాలేని మనిషికి "ధైర్యంగ ఉండు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. విరిగిన కాలుకు ధైర్యం చాలదు, కట్టు కావాలి. మనసుకూ అంతే. పక్కన కూర్చుని వినండి, డాక్టరు దగ్గరికి తోడుపోండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు పగలు గాని రాత్రి గాని ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం చూసి వచ్చినవాడికి ఒంటి గాయం ఉన్నా లేకున్నా కొన్నాళ్లు కనిపెట్టి ఉండడం తోటి కార్మికుల బాధ్యత, యాజమాన్యం బాధ్యత కూడా.

ఇక ఆత్మ కోరేది చాలా చిన్నది. పేరు పెట్టి పిలవడం. రిటైరైన పెద్దమనిషిని కొత్తగా చేరిన పిల్లల ముందు కూర్చోబెట్టి, కప్పు చప్పుడు ఎలా వినాలో చెప్పించండి. అన్‌ఫిట్ అయిన అన్నను కార్మిక సంఘం పనిలో, బస్తీ పనిలో, బడి పనిలో కలుపుకోండి. కాంట్రాక్టు తమ్ముడికి పర్మినెంటు కార్మికుడికి ఇచ్చే హెల్మెట్, బూట్లు, గౌరవం అన్నీ సమానంగా ఇవ్వండి. తన అవసరం ఇంకా ఈ లోకానికి ఉందని తెలిసిన మనిషి నొప్పిని ఓర్చుకోగలడు, మందు మానగలడు, మళ్లీ నిద్రపోగలడు.

నేల కిందికి పంపేటప్పుడు మనం ఒక జత చేతులను పంపడం లేదు. ఊపిరి, భయం, తెలివి, జ్ఞాపకం, ప్రేమ అన్నీ ఉన్న ఒక నిండు మనిషిని పంపుతున్నాం. షిఫ్టు ముగిసే వేళకు ఆ మనిషి నిండుగానే తిరిగి రావాలి. దేహం ఒక్కటి తిరిగొస్తే చాలని ఈ బొగ్గుగని ప్రాంతంలో ఎవరూ తృప్తిపడకూడదు. మనసూ ఆత్మా కూడా ఇల్లు చేరే దాకా రక్షణ పని పూర్తయినట్టు కాదు. ఆ పని కంపెనీది, సంఘాలది, ఇంటివాళ్లది, మనందరిదీ.